ట్యాంకు ఎక్కడ పార్క్ చేస్తారు?

ఆపరేటింగ్ సిస్టముల గురించి మాన్యువల్స్ బోలెడున్నాయి. గొడవలు అంతకంటే ఎక్కువున్నాయి. సాహిత్యం అనిపించుకోగల రచనలు మాత్రం చాలా తక్కువ. వాటిలో ముందుగా చెప్పుకోవలసినవి రెండు. ఒకటి, ఉంబెర్తో ఎకో 1994లో ఇటలీ వారపత్రిక 'లెస్ప్రెస్సో'లో తన కాలమ్ కోసం రాసిన చిన్న ముక్క. రెండోది, నీల్ స్టీఫెన్‌సన్ 1999లో రాసిన 'ఇన్ ద బిగినింగ్... వాజ్ ద కమాండ్ లైన్'. ఇది ముందు ఇంటర్నెట్‌లో వచ్చి, అదే ఏడాది చిన్న పుస్తకమైంది. రెండూ ఉపమానం మీద నడిచే రచనలే. ఎకోది మతం, స్టీఫెన్‌సన్‌ది కార్ల షోరూమ్. చదువుతుంటే నవ్వొస్తుంది, మన పక్క సీటువాళ్ళు గుర్తొస్తారు. కానీ ఈ రచనల్ని అందరికంటే ఇష్టంగా చదివేది ఎవరో, సరిగ్గా ఆ మనిషికే రెండింట్లోనూ చోటు లేదు. నా పేచీ అక్కడ.

ఆ మనిషిని మీరు చూసే ఉంటారు. మా టీములోనే నలుగురున్నారు. జీతం కోసం కోడ్ రాసేసి ఊరుకునే రకం కాదు, ఆదివారం పొద్దున లేవగానే కొత్త ఎడిటర్ ఏదైనా వచ్చిందా అని వెతికే రకం. వీళ్ళలో ఒక్కరు కూడా ఆఫీసులోనూ ఇంట్లోనూ ఒకే ఆపరేటింగ్ సిస్టమ్ వాడరు. ఒకతను పగలంతా విండోస్, రాత్రి ఆర్చ్ లైనక్స్. ఒకావిడకి ఆఫీసులో మ్యాక్, ఇంట్లో డెబియన్. నేను విండోస్ నుంచి ఉబుంటుకి రోజూ రాకపోకలు సాగించేవాణ్ణి. నాలుగో అతను మా అందరికీ రివర్సు: పనంతా లైనక్స్ మీద, ఇంటికెళ్తే విండోస్.

ఎందుకని అడిగితే అందరూ ఒకటే చెప్తారు: "ఆఫీసువాళ్ళు ఇచ్చింది అది, నాకు నచ్చింది ఇది." అబద్ధమేం కాదు. కానీ ఇది జవాబు కాదు, ప్రశ్ననే ఇంకోలా చెప్పడం. ఒకే మనిషి, ఒకే చేతులు, దాదాపు ఒకే పని. అలాంటప్పుడు ఇచ్చినదానికీ నచ్చినదానికీ మధ్య ఇంత దూరం ఎందుకుంది? ఇరవై ఏళ్ళకి పైగా ఎందుకు ఉంటూ వచ్చింది?

ముందు ఎకో సంగతి. ఆయన చమత్కారం ఇది: మెకింటాష్ కాథలిక్కు. ఏ మెట్టు తర్వాత ఏ మెట్టు ఎక్కాలో భక్తుడికి అదే చెప్తుంది, చెప్పినట్టు వింటే చాలు, అందరికీ మోక్షమే. మోక్షమంటే డాక్యుమెంట్ ప్రింటై బయటికి రావడం. డాస్ ప్రొటెస్టెంటు. గ్రంథాన్ని ఎవరికి వాళ్ళు చదివి అర్థం చెప్పుకోవాలి, కష్టమైన నిర్ణయాలు ఎవరివి వాళ్ళు తీసుకోవాలి, అందరూ స్వర్గానికి చేరతారన్న హామీ ఏమీ లేదు. విండోస్ ఆంగ్లికన్ చీలిక లాంటిది. పైకి ఆర్భాటంగా పూజలు జరుగుతాయి గాని, కావాలనుకుంటే ఎప్పుడైనా వెనక్కి డాస్‌లోకి వెళ్ళిపోవచ్చు.

ముప్ఫై ఏళ్ళు దాటినా ఈ పోలిక పాతబడలేదు. ఎందుకంటే ఎకో యంత్రాల గురించి కాదు, వాటికి అలవాటుపడ్డ మనసుల గురించి రాశాడు. కానీ యూరప్ వాడు కాబట్టి మతమంటే మనిషికొకటే అన్నది ఆయనకి అడగనక్కర్లేని విషయం. తిరుపతి కొండెక్కి దిగి, వచ్చే దారిలో కడప పెద్ద దర్గాలో చాదర్ కప్పి ఇంటికొచ్చేవాళ్ళు మనకి కొత్త కాదు. రెండు చోట్లా మొక్కడంలో వాళ్ళకే ఇబ్బందీ ఉండదు. అయితే రెండు ఆపరేటింగ్ సిస్టముల మనిషి ఈ భక్తుడిలాంటివాడేనా అంటే, కాదు. ఈ భక్తుడు రెండు చోట్లకీ తన కాళ్ళతో వెళ్తాడు. మా టీము వాళ్ళు ఒకచోటికి తమంత తాము వెళ్తారు, రెండో చోటికి ఐడీ కార్డు మెళ్ళో వేసుకుని వెళ్తారు. విశ్వాసం గురించి మాట్లాడే ఉపమానం ఉద్యోగం దగ్గరికొచ్చేసరికి ఆగిపోతుంది.

*

స్టీఫెన్‌సన్ కథ ఇంకా విస్తారమైంది. ఒక కూడలిలో నాలుగు షోరూములు పక్కపక్కనే ఉంటాయి. అన్నిటికంటే పెద్దది మైక్రోసాఫ్ట్. అది మొదట్లో సైకిళ్ళు అమ్మేది, అదే డాస్. పక్కనే ఆపిల్ వచ్చి అందమైన, ఖరీదైన, బానెట్ తెరవడానికి వీల్లేని కార్లు పెట్టింది. పెద్ద షోరూమువాళ్ళు కంగారుపడి సైకిలుకి బిగించుకునే మోటారు కిట్ ఒకటి అమ్మారు, అదే మొదటి విండోస్. ఆ తర్వాత ఒక భారీ స్టేషన్ వేగన్, విండోస్ 95, తెచ్చారు. మూడో షోరూమ్ బీఓఎస్‌ది, అక్కడ బ్యాట్‌మొబైల్స్ దొరుకుతాయి. నాలుగోది అసలు షోరూమే కాదు. పొలంలో గుడారాలేసుకున్న జనం, రోడ్డు పక్కన వరసగా నిలబెట్టిన ట్యాంకులు. చెడిపోవు, ఏ దారిలోనైనా పోతాయి, తాళం బండికే ఉంటుంది, ఎవరైనా ఊరికే తోలుకుపోవచ్చు. అదే లైనక్స్.

ఇంత చేసినా జనం స్టేషన్ వేగన్ దగ్గరికే పోతుంటారు. ఒక లైనక్స్ కుర్రాడు మైకు పట్టుకుని, "ట్యాంకు ఫ్రీ, తీసుకెళ్ళండి" అని బతిమాలతాడు. ట్యాంకు చెడిపోతే బాగుచేసుకోవడం నాకు రాదంటాడు కొనేవాడు. మీరు నిద్రపోతుంటే మావాళ్ళు మీ ఇంటికొచ్చి బాగుచేసిపోతారని కుర్రాడు భరోసా ఇస్తాడు. దాంతో కొనేవాడు హడలిపోయి, మా ఇంటి ఛాయలకి రావద్దంటాడు. ఈ హాస్యం ఎంత బాగా పేలుతుందంటే, 1999 నుంచి ఇప్పటిదాకా లైనక్స్ గురించి జరిగిన సగం వాదనలు ఈ నాలుగు మాటల్లోనే ఇమిడిపోతాయి.

వ్యాసంలో ఇంకా మంచి చోట్లున్నాయి. డిస్నీ వరల్డ్ గురించి రాస్తూ, అసలు వస్తువుని వదిలేసి దాని చక్కటి బొమ్మతో తృప్తిపడే అలవాటు మనకెలా వచ్చిందో చెప్తాడు. తెరమీద కనిపించే ఫోల్డర్లూ చెత్తబుట్టలూ ఆ కోవలోవే అంటాడు. యూనిక్స్‌ని ఒక సరుకుగా చూడొద్దు, హ్యాకర్లు నోటికి నోటికి అందించుకుంటూ వచ్చిన గిల్గమేష్ ఇతిహాసంలా చూడండి అంటాడు. పల్నాటి వీరుల కథ పాడేవాళ్ళని ఎరిగిన తెలుగు పాఠకుడికి ఈ ముక్క వివరించనక్కర్లేదు. కథ ఎవరి సొంతమూ కాదు, అందరికీ కంఠతా వచ్చు, పాడినప్పుడల్లా కాస్త మారుతుంది, అయినా అదే కథ. సాంకేతిక విషయం మీద ఇంత మంచి సాహిత్య పరిశీలన నేను ఇంకెక్కడా చదవలేదు.

మరి పేచీ ఎక్కడ? ఆ కూడలికి వచ్చిన కస్టమర్ దగ్గర. స్టీఫెన్‌సన్ కథలో కొనేవాడూ నడిపేవాడూ ఒక్కడే. జేబులో డబ్బులతో వస్తాడు, నాలుగూ చూస్తాడు, ఒకటి కొని ఇంటికి తీసుకెళ్తాడు. విండోస్ గెలిచింది ఇలా ఒక్కొక్కరూ షోరూముకెళ్ళి ఎంచుకోవడం వల్ల మాత్రమే కాదు. కంపెనీలూ ప్రభుత్వ ఆఫీసులూ టోకున కొన్నాయి, కంప్యూటర్లు తయారుచేసేవాళ్ళు ముందే నింపి అమ్మారు. గచ్చిబౌలిలో ఎవరినైనా అడగండి: ఆఫీసు క్యాబ్ ఏ మోడల్ ఉండాలో అందులో ఎక్కేవాళ్ళు ఎప్పుడైనా ఎంచుకున్నారా? పొద్దున ఎనిమిదిన్నరకి వచ్చి హారన్ కొడుతుంది, ఎక్కుతాం. వ్యాసమంతా వెతికినా ఈ క్యాబ్ కనపడదు. అందుకే ట్యాంకు ఎంత గొప్పదో చెప్పిన రచయితకి, దాన్ని ఎక్కడ పార్క్ చెయ్యాలన్న ప్రశ్న రాలేదు.

*

విచిత్రమేంటంటే, ఈ ప్రశ్నకి కావలసిన సరంజామా అంతా ఆయన దగ్గరే ఉంది. వ్యాసంలో హోల్ హాగ్ అనే డ్రిల్లింగ్ మెషీన్ గురించి ఒక భాగం ఉంటుంది. ఇంట్లో మనం వాడుకునే డ్రిల్లు గట్టి వస్తువు తగిలితే ఆగిపోతుంది. హోల్ హాగ్ ఆగదు. చెప్పిన పని చేస్తుంది, అడ్డమొచ్చింది గోడా మనిషా అని చూడదు. ఇళ్ళు కట్టేవాళ్ళ పనిముట్టు అది. యూనిక్స్ కూడా అంతేనంటాడు స్టీఫెన్‌సన్: పని తెలిసినవాడి చేతిలో ఉండవలసింది, తెలియనివాణ్ణి క్షమించనిది.

ఈ ఉపమానాన్ని మా టీముకి వర్తించి చూడండి, తలకిందులైపోతుంది. సైటు మీద హోల్ హాగ్, ఇంట్లో బొమ్మ డ్రిల్లు ఉండాలి కదా. మాకు సైటు మీద బొమ్మ డ్రిల్లు ఇచ్చారు, హోల్ హాగ్ ఇంట్లో దాచుకున్నాం. ఎందుకిలా? వడ్రంగి పనికొచ్చేటప్పుడు తన ఉలీ బాడిసా తనే తెచ్చుకుంటాడు. దాని పిడి తన చేతికి తగ్గట్టు అరగదీసుకుంటాడు. దసరాకి దానికి బొట్టు పెడతాడు. మేము మాత్రం పనిముట్టు గేటు లోపలే తీసుకుని, రాజీనామా చేసిన రోజున గేటు దగ్గరే అప్పజెప్పి వస్తాం. చదువుకి ఇంజినీర్లం, జీతానికి ఇంజినీర్లం, పనిముట్టు విషయంలో మాత్రం బాడుగవాళ్ళం. రెండు ఆపరేటింగ్ సిస్టముల అలవాటు ఇక్కడ మొదలవుతుందని నా వాదన. ఇది రుచుల తేడా కాదు, హక్కుల తేడా.

ఒక చిన్న ఉదాహరణ. ఇదివరకు నేను పనిచేసిన ఒక కంపెనీలో, లాప్‌టాప్ మీద తెలుగు టైపు చేసుకునే చిన్న కీబోర్డు సాఫ్ట్‌వేర్ ఒకటి ఎక్కించుకుందామనుకున్నాను. అడ్మిన్ హక్కులు లేవు కాబట్టి టికెట్ పెట్టాలి. టికెట్‌లో 'బిజినెస్ జస్టిఫికేషన్' అని ఒక గడి, నింపకపోతే ముందుకు పోనివ్వదు. తెలుగెందుకు అన్నదానికి వ్యాపారపరమైన సమర్థన ఏం రాస్తాం? మధ్యాహ్నం భోజనాల వేళ కవిత ఒకటి టైపు చేసుకోవాలి అని రాయలేం కదా. 'భాషా అవసరం' అని రాశాను. రెండు రోజుల తర్వాత టికెట్ మూసేశారు, ఆమోదిత జాబితాలో లేదన్నారు. మర్యాదగానే చెప్పారు.

ఇంట్లో పాత లాప్‌టాప్ మీద లైనక్స్ ఉంది. అందులో తెలుగు కీబోర్డు అంటే ఒక మామూలు టెక్స్టు ఫైలు. ఏ మీట నొక్కితే ఏ అక్షరం రావాలో ఒక్కో వరుసలో రాసి ఉంటుంది. 'స్టీఫెన్‌సన్' అని రాసేటప్పుడు న కింద స ఒత్తుగా దూరిపోకుండా విడిగా నిలబడాలంటే మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తు పెట్టాలి. దాన్ని నాకు అందుబాటులో ఉన్న మీటకి మార్చుకోవడానికి ఆ ఫైల్లో ఒక్క వరుస దిద్దాను. ఎవరినీ అడగలేదు, ఏ గడీ నింపలేదు. ఈ వ్యాసం ఆ వరుస మీదుగానే వచ్చింది. రూట్ పాస్‌వర్డ్ నాదగ్గరుంటే ఏమొస్తుందని ఎవరైనా అడిగితే నేను చూపించగలిగేది ఇంతే.

ఆఫీసు వాళ్ళని విలన్లని చెయ్యడం సులువే, న్యాయం మాత్రం కాదు. ఆ లాప్‌టాప్‌లో ఉన్నది క్లయింటు డేటా, రేపు ఎవరో ఆడిటర్ వచ్చి అడుగుతాడు. వెయ్యి మంది వెయ్యి రకాలుగా దిద్దుకున్న యంత్రాల్ని కాపాడటం ఏ ఐటీ విభాగం వల్లా కాదు. పైగా సర్వర్ల మీద అంతా లైనక్సే కాబట్టి, విండోస్ ముందు కూర్చున్నా మా పని నిజానికి అవతల లైనక్స్‌లోనే జరుగుతుంటుంది. ప్రపంచంలోని అతిపెద్ద 500 సూపర్‌కంప్యూటర్ల జాబితాలో 2017 నవంబరు నుంచి లైనక్స్ తప్ప ఇంకోటి లేదు. కాబట్టి ఏ సిస్టమ్ గొప్పదన్నది ఇక్కడ గొడవ కాదు.

ఆఫీసే లైనక్స్ పెడితే గొడవ తీరిపోతుందా? మ్యూనిక్ నగరపాలక సంస్థ ఆ పని చేసింది. లీమక్స్ పేరుతో వేల కంప్యూటర్లని లైనక్స్‌కి మార్చి, చివరికి 2017లో మళ్ళీ విండోస్‌కి వెళ్ళిపోవాలని నిర్ణయించుకుంది. లైనక్స్ అభిమానులు దీన్ని ఓటమిగా, రాజకీయంగా చూశారు. నాకు తట్టే ప్రశ్న వేరు. కౌంటర్ వెనక కూర్చున్న గుమస్తా పాత విండోస్‌ని ఎంత దిద్దుకోగలిగాడో, మధ్యలో వచ్చిన లైనక్స్‌ని అంతకంటే ఎక్కువ దిద్దుకోగలిగాడా? పెద్ద ఆఫీసులో తాళంచెవి ఇంకొకరి దగ్గరుంటే, తాళం ఏ కంపెనీదైనా ఒకటే. తాళం తయారుచేసిన పద్ధతి అందరికీ చూపించడం మంచిదే, కానీ తలుపు తీసే హక్కు దానంతటది రాదు.

*

ఇల్లూ ఆఫీసూ మధ్య ఉన్న ఈ సందులోంచే లైనక్స్ పుట్టిందన్న సంగతి స్టీఫెన్‌సన్ ఉపమానంలో ఇమడదు. 1991 జనవరిలో హెల్సింకి విద్యార్థి లీనుస్ టోర్వాల్డ్స్ ఒక 386 కంప్యూటర్ కొనుక్కున్నాడు. యూనివర్సిటీలో యూనిక్స్ యంత్రం ఉంది, ఇంట్లో లేదు. దాన్ని ఇంటికి కొనుక్కోవడం విద్యార్థి తరమా! మినిక్స్ అనే చిన్న సిస్టమ్ తెచ్చి వేసుకున్నాడు. ఇంటి నుంచి ఫోన్ లైను మీదుగా యూనివర్సిటీ యంత్రంలోకి వెళ్ళడానికి అందులో ఉన్న సౌకర్యం నచ్చక, తనే ఒక టెర్మినల్ ప్రోగ్రామ్ రాసుకున్నాడు. దానికి ఇదీ అదీ తగిలిస్తూ పోతే ఆపరేటింగ్ సిస్టమ్ అయింది. ఒకసారి మోడెమ్‌కి చెయ్యవలసిన డయల్ హార్డ్ డిస్కుకి చేసి తన మినిక్స్‌ని తనే చెరిపేసుకున్నాడు కూడా. ఆగస్టు 25న లోకానికి చెప్పేటప్పుడు ఇదొక హాబీ మాత్రమేనన్నాడు. సంస్థలో ఉన్నది ఇంట్లో కావాలనుకున్నవాడి పని అది. ఇప్పుడు మనం ఇంట్లో ఉన్నది సంస్థలో కావాలనుకుంటున్నాం. దిశ మారింది, సందు అలాగే ఉంది.

రిచర్డ్ స్టాల్మన్ దీనికి అవతలి కొస. ఆయన ఎంఐటీ ప్రయోగశాలకి జిరాక్స్ వాళ్ళు ఒక లేజర్ ప్రింటర్ ఇచ్చారు. కాగితం ఇరుక్కుంటే అందరికీ కబురు పంపేలా దాన్ని దిద్దుదామంటే సోర్సు కోడ్ ఇవ్వలేదు. తన పనిచోటులోనే యంత్రం పరాయిదైపోయింది. 1983 సెప్టెంబరులో గ్నూ ప్రాజెక్టు ప్రకటించి, 1984 జనవరిలో ఉద్యోగానికి రాజీనామా చేశాడు. ఎందుకో చూడండి: ఉద్యోగిగా ఉంటే తను రాసిన కోడ్ తమదేనని సంస్థ అనొచ్చు కాబట్టి. ఏది నాది, ఏది వాళ్ళది అన్న గీతని ఇంత స్పష్టంగా గీసినవాడు మళ్ళీ లేడు. మనలో ఎక్కువమంది రాజీనామా చెయ్యలేం, ఈఎంఐలుంటాయి. అందుకని రాజీనామాకి బదులు ఇంట్లో రెండో యంత్రం పెట్టుకుంటాం.

ఆ రెండో యంత్రంతో ఒంటరిగా కూర్చున్న మనిషి లోపల ఏం జరుగుతుందో రాసింది ఎలెన్ ఉల్మన్. ఈమె కూడా ప్రోగ్రామరే. 1997 నాటి 'క్లోజ్ టు ద మెషీన్' చాలామంది చదివే ఉంటారు. 1998లో 'సలోన్' పత్రికలో ఈమె రాసిన 'ద డంబింగ్ డౌన్ ఆఫ్ ప్రోగ్రామింగ్' అనే వ్యాసానికి స్టీఫెన్‌సన్ వ్యాసమంత పేరు రాలేదు. రావలసింది. అందులో ఆమె తన ఇంటి కంప్యూటర్ మీద ఒక్కో పొరా తీసేస్తూ పోతుంది. విండోస్ పోతుంది, దాని అడుగున ఉన్నదీ పోతుంది. ఏమీ మిగలని ఖాళీ యంత్రం, ఎప్పటిదో పాత బేసిక్ భాష కోసం తడుముకుని, దొరక్క ఆగిపోతుంది. అక్కడి నుంచి లైనక్స్ ఎక్కించడం మొదలుపెడుతుంది.

ఉల్మన్ దగ్గర షోరూములు లేవు, జోకులు తక్కువ. కానీ స్టీఫెన్‌సన్ తప్పించుకున్న విషయం ఆమె పట్టుకుంది. మన బదులు కోడ్ రాసిపెట్టే 'విజార్డు'ల వల్ల ప్రోగ్రామర్ తన పనిలోనే పరాయివాడవుతున్నాడని ఆమె బాధ. ఇంట్లో ఆ యంత్రాన్ని విప్పుకోవడం సరదా కాదు. పగలంతా మర్చిపోమన్నదాన్ని రాత్రి గుర్తు చేసుకోవడం. స్టీఫెన్‌సన్ వ్యాసం చదివితే ట్యాంకు తెచ్చుకోవాలనిపిస్తుంది. ఉల్మన్ వ్యాసం చదివితే, ట్యాంకు మీద మోజు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుస్తుంది.

*

ఇంతవరకూ బాగానే ఉంది గాని, మా టీములో నాలుగో అతను ఉన్నాడే, పని లైనక్స్ మీద చేసి ఇంట్లో విండోస్ పెట్టుకున్నవాడు, అతన్నేం చేద్దాం? "పొద్దున్నుంచి సర్వర్లకి సేవ చేసొచ్చాను, ఇంట్లో ఇంకోదానికి నర్సుపని చెయ్యలేను. బటన్ నొక్కితే గేమ్ రావాలి" అంటాడు. ఇతన్ని తీసిపారెయ్యలేం. స్వేచ్ఛ అని మనం పిలుస్తున్నదానికి మరో పేరు చాకిరీ అని ఇతను గుర్తుచేస్తున్నాడు. దిద్దుకునే హక్కుతోపాటు దిద్దవలసిన బాధ్యతా వస్తుంది. రాత్రి అప్‌డేట్ చేశాక వైఫై రాకపోతే ఫోన్ చెయ్యడానికి హెల్ప్‌డెస్క్ ఉండదు.

ఇంకో చిక్కుంది. ఇల్లంటే ఒక మనిషి కాదు. స్టీఫెన్‌సన్ కొనేవాడు ఇంటి గురించి భయపడతాడు గాని, ఆ ఇంట్లో ఇంకెవరున్నారో మనకి కనపడరు. ఉల్మన్ ఒంటరిగా ఉంటుంది. మన ఇళ్ళలో అలా కుదరదు. నాన్నకి ప్రింటర్ పనిచెయ్యాలి, మేనకోడలికి స్కూలు ప్రాజెక్టు పీపీటీ అలైన్‌మెంట్ చెదరకుండా తెరుచుకోవాలి, భార్యకి సినిమా ఆగకుండా ఆడాలి. ఆఫీసులో ఐటీ విభాగం మీద విసుక్కునే మనిషే ఇంట్లో తనే ఐటీ విభాగమవుతాడు. "నేనొచ్చాక చూస్తాను, ఏదీ ముట్టుకోకండి" అని ఆఫీసు నుంచి ఫోన్‌లో చెప్పే మనిషికీ, మన టికెట్ మూసేసిన మనిషికీ నిజానికి పెద్ద తేడా లేదు. ఇంట్లో రూట్ పాస్‌వర్డ్ ఉన్నది ఒక్కరి దగ్గరే. ఆ ఒక్కరు ఎక్కువగా మగవాడే. స్వేచ్ఛ గురించి రాసిన ఏ వ్యాసమూ ఈ వంటింటి లెక్క వెయ్యలేదు.

అయినా నా వాదన నిలబడుతుందనే అనుకుంటున్నాను. నాలుగో అతను కూడా ఇంట్లో తనే నిర్ణయం తీసుకున్నాడు. నాకీ చాకిరీ వద్దు అనుకునే హక్కు కూడా యంత్రం తనదైతేనే ఉంటుంది. ఆఫీసులో అటు వద్దనడానికీ లేదు, ఇటు కావాలనడానికీ లేదు.

ఈ రెండు సిస్టముల జీవితాన్ని, ఆఫీసులో ఇంగ్లీషు ఇంట్లో తెలుగు అన్న మన మామూలు అలవాటుతో పోల్చాలని ఎవరికైనా అనిపిస్తుంది. నాకూ చాలాకాలం అనిపించేది. కానీ ఆ పోలిక ఎక్కువ దూరం రాదు. క్యాంటీన్‌లో తెలుగు మాట్లాడటానికి ఎవరి పాస్‌వర్డూ అక్కర్లేదు. భాషకి అడ్మిన్ లేడు. నోటితో మాట్లాడేంతవరకూ రెండు భాషలూ మనవే. మాట కాస్తా కీబోర్డు మీదికి రాగానే తెలుగు కూడా ఆమోదిత జాబితాలో ఉందా లేదా అన్న ప్రశ్నకి లోబడుతుంది. మాటకీ యంత్రానికీ తేడా అక్కడ బయటపడుతుంది.

*

స్టీఫెన్‌సన్ వర్ణించిన యుద్ధం ఇప్పుడు లేదు. 2001లో మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బామర్ లైనక్స్‌ని క్యాన్సర్‌తో పోల్చాడు. 2014లో అదే కుర్చీలో కూర్చున్న మన హైదరాబాద్ సత్య నాదెళ్ళ, మైక్రోసాఫ్ట్‌కి లైనక్స్ అంటే ప్రేమ అన్నాడు. 2016లో విండోస్ లోపలే లైనక్స్ నడిపే ఏర్పాటు ప్రకటించారు. ఇప్పుడు నా ఆఫీసు విండోస్‌లో ఒక కిటికీ తెరిస్తే ఉబుంటు ఉంది. స్టీఫెన్‌సన్ భాషలో చెప్పాలంటే ట్యాంకుని స్టేషన్ వేగన్ డిక్కీలో పెట్టి ఇచ్చారు. పనికి బ్రహ్మాండంగా ఉంది. కాకపోతే డిక్కీ తెరవాలా వద్దా అన్నది కంపెనీ పాలసీ చెప్తుంది. స్టీఫెన్‌సన్ సంగతంటారా, 2004 నాటికే ఒక ఇంటర్వ్యూలో తాను మ్యాక్ ఓఎస్ టెన్‌కి మారిపోయాననీ, తన వ్యాసంలో చాలా భాగానికి కాలం చెల్లిందనీ ఒప్పుకున్నాడు.

నన్ను కలవరపెట్టేది ఆఫీసు కాదు, ఇల్లు. 2020లో ఆఫీసు లాప్‌టాప్ ఇంటికొచ్చి భోజనాల బల్ల మీద కూర్చుంది. చాలా ఇళ్ళలో ఇంకా దిగలేదు. అంతకంటే ముఖ్యంగా, మనం సొంత డబ్బుతో కొన్న యంత్రాలే ఆఫీసు యంత్రాల్లా ప్రవర్తించడం మొదలుపెట్టాయి. 2025 అక్టోబరు 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది. సరైన సెక్యూరిటీ చిప్పు లేదన్న కారణంగా, బాగా పనిచేస్తున్న కంప్యూటర్లు కూడా అధికారికంగా విండోస్ 11కి పనికిరాకుండా పోయాయి. ఇక ఫోన్ సంగతి చెప్పనక్కర్లేదు. ఇంట్లో అందరికంటే ఎక్కువగా వాడేది అదే. దాన్ని రూట్ చేసుకుంటే చాలా బ్యాంకు యాప్‌లు మొహం చాటేస్తాయి. కారణాలన్నీ సబబైనవే, భద్రత కోసమే. ఆఫీసులో చెప్పిన కారణాలూ అవే కదా.

నా తరంవాళ్ళు ఇంజినీరింగ్ చదివేటప్పుడు ఉబుంటు వాళ్ళు అడిగినవాళ్ళకల్లా సీడీలు పోస్టులో ఊరికే పంపేవారు. 2011 వరకూ ఆ పథకం నడిచింది. హాస్టల్ గదిలో నలుగురు కలిసి కొన్న అసెంబుల్డ్ కంప్యూటర్‌లో ఆ సీడీ పెట్టి, పార్టిషన్లు పోగొట్టుకుని, తెల్లవారేదాకా కూర్చుని మళ్ళీ నిలబెట్టుకున్నవాళ్ళు ఎందరో. ఇవాళ పెద్ద పెద్ద సిస్టములు నడుపుతున్నది వాళ్ళే. చెడగొట్టినా ఎవరూ అడగని యంత్రం ఒకటి చేతిలో ఉండబట్టి పని నేర్చుకున్నారు. ఇప్పుడు పదిహేనేళ్ళ పిల్లకి ఫోన్ ఉంది, స్కూలు వాళ్ళు తాళం వేసిన ట్యాబ్ ఉంది. చెడగొట్టడానికి ఏముంది?

స్టీఫెన్‌సన్ తన వ్యాసాన్ని ఒక సలహాతో ముగిస్తాడు. జీవితం చిక్కైనదే, ఏ ఇంటర్‌ఫేసూ దాన్ని తేలిక చెయ్యదు, మీ బదులు ఇంకొకరు ఎంచుకోవడం నచ్చకపోతే మీరే ఎంచుకోవడం మొదలుపెట్టండి అని దాని సారం. మంచి సలహా. కానీ ఎంచుకోవడానికి ధైర్యం ఒక్కటే సరిపోదు, ఎంచుకునే వీలున్న వస్తువు ఒకటైనా మన చేతిలో ఉండాలి. ఆఫీసులో ఒకటి, ఇంట్లో ఒకటి వాడేవాళ్ళని చూసి చాదస్తం అనుకునేవాళ్ళుంటారు. ఆ సలహా అమలు చెయ్యడానికి వీలున్న యంత్రాన్ని ఒక్కదాన్నైనా మిగుల్చుకున్నవాళ్ళుగా నాకు కనిపిస్తారు వాళ్ళు.

ఈ మూడు రచనల్నీ చదవకపోతే చదవండి. నవ్వుకోవడానికి ఎకోతో మొదలుపెట్టి, తర్వాత స్టీఫెన్‌సన్ దగ్గరికి వెళ్ళండి. బీఓఎస్ పేజీలు దాటేసినా పర్లేదు, హోల్ హాగ్, గిల్గమేష్ భాగాలు మాత్రం వదలకండి. ఉల్మన్‌ని చివర్లో, రాత్రిపూట, వీలైతే మీ సొంత కంప్యూటర్ మీద చదవండి.